నకిరేకల్‌లో ‘న’ ఎటు పోయింది? స్టాండర్డ్ లైబ్రరీలో ఏముండాలో తేల్చే లెక్క

పోయిన యాసంగి వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లుకు చీటీలు కొట్టే చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. ట్రాక్టర్ కాటా ఎక్కగానే రైతు పేరు, మండలం, బస్తాలు, తూకం, తేమ శాతం అన్నీ ఒక చీటీ మీద రావాలి. మండలాల జాబితా వాళ్ల పాత ఎక్సెల్ ఫైల్లో ఉంది. ప్రతి పేరు ముందు జిల్లా పేరు అంటించి పెట్టారు: నల్గొండ-మిర్యాలగూడ, నల్గొండ-దేవరకొండ, ఇట్లా. చీటీ మీద జాగా తక్కువ, జిల్లా పేరు అక్కర్లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎడమ వైపు నుంచి అక్షరాలు తీసేసే ‘ఎల్‌స్ట్రిప్’ అనే ఫంక్షన్ (పేరు పెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) ఉంది. దానికి ‘నల్గొండ-’ ఇచ్చి ఒక్క లైన్లో పని ముగించాను. మిర్యాలగూడ, దేవరకొండ, మునుగోడు, చండూరు, కనగల్ పెట్టి చూశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి.

మూడో రోజు మిల్లు గుమస్తా ఫోన్ చేశాడు. “అన్నా, నకిరేకల్ రైతుల చీటీల మీద కిరేకల్ అని వస్తున్నది. నాంపల్లి అయితే చదవరాకుండనే ఉన్నది. జర చూడు.”

వెళ్లి చూస్తే నిజమే. నకిరేకల్‌కు ముందున్న ‘న’ లేదు. నాంపల్లిలో ‘న’ పోయి, దాని దీర్ఘం మాత్రం ఆసరా లేకుండా ఒక చుక్కల వలయానికి వేలాడుతోంది. నిడమనూరు, గుర్రంపోడు కూడా అంతే. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఎల్‌స్ట్రిప్‌కు మనం ఇచ్చే ‘నల్గొండ-’ ఒక మాట కాదు, ఒక సంచి. ఆ సంచిలో న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ, అడ్డగీత ఉన్నాయి. ఎడమ నుంచి మొదలుపెట్టి, సంచిలో ఉన్న గుర్తు ఏది కనిపించినా అది తీసేస్తూ పోతుంది. సంచిలో లేని గుర్తు దగ్గర ఆగుతుంది. జిల్లా పేరు అయిపోయాక నకిరేకల్‌లోని ‘న’ వచ్చింది. అదీ సంచిలో ఉంది, తీసేసింది. ‘క’ లేదు, ఆగింది. మిర్యాలగూడలో ‘మ’ సంచిలో లేదు కాబట్టి ఆ ఊరు బతికిపోయింది. నేను పరీక్షకు పెట్టిన ఊళ్లన్నీ ఇట్లా బతికిపోయినవే.

ఇది నా ఒక్కడి తప్పే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ప్రపంచమంతా పైథాన్ రాసేవాళ్లు ఏళ్ల తరబడి ఇదే గుంటలో పడ్డారు. కొందరైతే ఇది పైథాన్‌లో ఉన్న లోపమని ఫిర్యాదులు కూడా పెట్టారు. అందుకే 2020 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.9లో ‘రిమూవ్‌ప్రిఫిక్స్’, ‘రిమూవ్‌సఫిక్స్’ అని రెండు కొత్త ఫంక్షన్లు చేర్చారు. మొదటిది, మనమిచ్చిన మాట మొత్తంగా ముందుంటేనే తీసేస్తుంది, లేకపోతే ముట్టుకోదు; రెండోది చివర అదే చేస్తుంది. అంతే వాటి పని. 616 నంబరు ప్రతిపాదనగా వచ్చింది, చర్చ జరిగింది, చేరింది. ఆ ఫంక్షన్ మూడేళ్లకు పైగా నా కంప్యూటర్‌లోనే ఉంది. పాత అలవాటు కొద్దీ నేను దాన్ని వాడలేదు.

అయితే ఈ రెండు ఫంక్షన్ల మీద వచ్చిన అభ్యంతరం కూడా తీసిపారేసేది కాదు. ఆ పని ఎవరైనా రెండు లైన్లలో రాసుకోవచ్చు: ఈ మాటతో మొదలైతే, ఆ మాట పొడవు ఎంతో అంత వదిలేసి మిగతాది తీసుకో. రెండు లైన్ల పనికి భాషలో శాశ్వతంగా ఒక పేరు కేటాయించాలా? భాష తయారు చేసేవాళ్ల ముందుకు ఈ ప్రశ్న పదేపదే వస్తుంది. దాని జవాబు మన చీటీల దాకా వస్తుంది కాబట్టి కొంచెం నిదానంగా విప్పి చూద్దాం.

స్టాండర్డ్ లైబ్రరీ అంటే భాషతో పాటే వచ్చే సామాను. వేరుగా డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. ఫైల్ తెరవడం, తేదీ లెక్క, సార్టింగ్ లాంటివన్నీ అందులోనే. వీటిలో కొన్ని లేకపోతే పనే జరగదు: నెట్‌వర్క్‌తో మాట్లాడటం, గడియారం చదవడం లాంటివి. అవి మనం సొంతంగా రాయలేం. కొన్ని ఉన్నవాటితోనే మనం రాసుకోగలం, కానీ రాసిపెట్టి ఉంటే సులువు. వాటినే కన్వీనియన్స్ ఫంక్షన్లు అంటారు, నేను సులువు ఫంక్షన్లు అంటాను. వీటిని లోపలికి రానివ్వాలా వద్దా అన్న దగ్గరే తగువు.

చాలామంది లైన్లు లెక్కపెడతారు. రెండు లైన్లయితే వద్దు, ఇరవై లైన్లయితే సరే. నా ఉద్దేశంలో ఇది తప్పు కొలత. అడగాల్సింది ఒకటే: జనాన్ని సొంతంగా రాసుకోమంటే సరిగ్గా రాస్తారా, తప్పు రాస్తారా? ముందున్న మాట తీసేయడం రెండు లైన్ల పనే. అయినా జనం ఎల్‌స్ట్రిప్ పెట్టి తప్పు రాస్తున్నారు. లేదా పొడవును చేత్తో లెక్కపెట్టి ‘ఎనిమిది గుర్తులు వదిలెయ్’ అని రాస్తారు. రేపు నల్గొండ బదులు సూర్యాపేట అని మారిస్తే ఆ ఎనిమిది పాతదే ఉండిపోతుంది.

చిన్న పని కాబట్టి తప్పు జరగదు అనుకోవడానికి లేదని చెప్పడానికి బైనరీ సెర్చ్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. డిక్షనరీలో మాట వెతికినట్టు, నడిమికి తెరిచి అటా ఇటా చూసే పద్ధతి. ప్రతి డిగ్రీ విద్యార్థీ రాస్తాడు. నడిమి స్థానం కోసం మొదలు, చివర కలిపి రెండుతో భాగిస్తాం. జాబితా మరీ పెద్దదైతే ఆ కూడికే జావా అనే ఇంకో భాషలో అంకెకున్న హద్దు దాటి మైనస్‌లోకి వెళ్తుంది. జావా స్టాండర్డ్ లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే ఈ తప్పు దాదాపు తొమ్మిదేళ్లు దాగి ఉందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ స్వయంగా 2006లో బయటపెట్టాడు. లైబ్రరీలో ఉంది కాబట్టి ఒక్క చోట సరిచేస్తే అందరికీ సరైపోయింది. మన రికార్డు నోట్‌బుక్కుల్లో ఉన్నవి ఎవరు సరిచేస్తారు?

ఇంతవరకు చదివితే అన్నీ లోపల పెట్టేయమని నేను అంటున్నట్టు ఉంటుంది. కాదు. లోపలికి పోయినదాన్ని బయటికి తీయడం ఎంత కష్టమో చూస్తే ఎవరైనా జంకుతారు.

సి భాషలో ‘గెట్స్’ అని ఒక ఫంక్షన్ ఉండేది. కీబోర్డు నుంచి ఒక లైన్ చదివి ఇస్తుంది. ఎంత సులువంటే పాత పుస్తకాల్లో మొదటి పాఠాల్లోనే కనిపిస్తుంది. కానీ ఎంత పొడవు లైన్ వస్తుందో, దానికి జాగా ఉందో లేదో చూసుకోదు. జాగా నిండినా పోస్తూనే ఉంటుంది. 1988లో ఇంటర్నెట్‌లోని వేల యంత్రాలను కుదిపేసిన మోరిస్ వార్మ్ (తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే హానికర ప్రోగ్రామ్) వాడుకున్న దారుల్లో ఇదొకటి. దాన్ని సి ప్రమాణం నుంచి తీసేసింది ఎప్పుడో తెలుసా? 2011లో. అంత ప్రమాదమని తెలిశాక కూడా ఇరవై ఏళ్లు దాటింది, ఎందుకంటే దాని మీద ఆధారపడి రాసిన కోడ్ అంత ఉంది.

జావాలో మొదటి నుంచీ ఉన్న ‘డేట్’ క్లాస్ (తేదీలు చూసుకునే కోడ్ భాగం) కూడా అట్లాంటిదే. అందులో జనవరి అంటే సున్నా, సంవత్సరం 1900 నుంచి లెక్క. 2014లో జావా 8తో చక్కటి కొత్త తేదీల లైబ్రరీ ఇచ్చారు. పాతది ఇప్పటికీ అక్కడే ఉంది. నా దగ్గర కోడింగ్ నేర్చుకునే పిల్లలు నెట్‌లో పాత కోడ్ చూసి దాన్నే వాడి, ఆగస్టు బదులు సెప్టెంబరు వచ్చిందని నా దగ్గరికి వస్తారు. పైథాన్ వాళ్లు కొంత తెగించారు. ఎవరూ పెద్దగా వాడని 19 మాడ్యూళ్లను (లైబ్రరీ భాగాలను) ముందుగా హెచ్చరించి, 2024లో వచ్చిన 3.13 నుంచి తీసేశారు. టెల్‌నెట్, పాత సౌండ్ ఫైళ్లు లాంటివి అవి. ఒకప్పుడు వాటిలో ప్రతి ఒక్కటీ ఎవరికో సులువనే లోపలికి వచ్చి ఉంటుంది.

ఖర్చు ఇంకో రకంగా కూడా పడుతుంది. ప్రతి ఫంక్షన్‌కు డాక్యుమెంటేషన్ కావాలి, పరీక్షలు కావాలి, బగ్ వస్తే చూసే మనిషి కావాలి. ఆ మనుషులు చాలాసార్లు జీతం లేకుండా పనిచేసేవాళ్లు. కొత్తగా నేర్చుకునే పిల్లకు ఒకే పనికి నాలుగు పేర్లు కనిపిస్తే ఏది వాడాలో తెలియక టెన్షన్. నాకు ఎల్‌స్ట్రిప్‌తో జరిగింది కూడా ఒక రకంగా ఇదే. ఇంతకు ముందే లోపలికి వచ్చిన సులువు ఫంక్షన్ ఒకటి, దాని అసలు పని వేరైనా, నా పనికి పనికొచ్చేదానిలా కనిపించింది.

ఇక నాకు అన్నింటికన్నా ముఖ్యం అనిపించే సంగతి. కొన్ని పనులకు సరైన జవాబు ఒకటే ఉంటుంది. కొన్నింటికి రెండు ఉంటాయి.

క్లాస్‌లో పిల్లలతో ఇది చేయిస్తాను. బస్తా 40 కిలోలు అనుకుందాం. ఒక రైతు వడ్లు 500 కిలోలు. బస్తాలు పన్నెండున్నర. ఇంకో రైతువి 540 కిలోలు, పదమూడున్నర. హమాలీ కూలి బస్తాల లెక్కన, సగం బస్తాను సరిచేసి లెక్కగట్టాలి. పైథాన్‌లో ‘రౌండ్’ పెట్టండి అంటాను. పన్నెండున్నరకు 12 వస్తుంది. పదమూడున్నరకు 14 వస్తుంది. పిల్లలు తెరను నమ్మరు. దేవరకొండ నుంచి వచ్చే అమ్మాయి ఒకసారి లేచి, “సార్, ఒకలకు తగ్గించి ఇంకొకలకు పెంచుడేంది?” అని నిలదీసింది. ఆ ప్రశ్న కాటా దగ్గర నిలబడ్డ హమాలీ అడిగితే ఏం చెబుతాం?

పైథాన్ తప్పు చేయలేదు. సరిగ్గా సగం వస్తే దగ్గరున్న సరి సంఖ్యకు పోవాలన్నది దాని నియమం. ప్రతి సగాన్నీ పైకే జరిపితే వేల అంకెలు కూడినప్పుడు మొత్తం కొంచెం ఎక్కువ వైపు వాలుతుంది. సరి సంఖ్యకు పోతే సగం సార్లు పైకి, సగం సార్లు కిందికి పోయి మొత్తం సమంగా ఉంటుంది. గణాంకాలకు ఇదే న్యాయం. పైథాన్ 2లో ఇట్లా లేదు, పన్నెండున్నరకు 13 వచ్చేది. జావాలో ‘మాథ్.రౌండ్’ ఇప్పటికీ 13 అంటుంది. రెండూ సరైనవే, వాడే చోటును బట్టి.

పోపు డబ్బాలో ఆవాలు, జీలకర్ర ఎవరింట్లోనైనా అవే ఆవాలు, అదే జీలకర్ర. మసాలా పొడికి మాత్రం ఎవరి పాళ్లు వాళ్లవి. ఒక ఇంటి పాళ్లను అందరి డబ్బాలో పోసి, మూత మీద ఉత్త ‘మసాలా’ అని రాస్తే వచ్చే చిక్కే రౌండ్‌తో వస్తుంది. చిన్న పేరు లోపల ఒక నిర్ణయం దాక్కుని ఉంది. పైథాన్‌లోనే ‘డెసిమల్’ అనే మాడ్యూల్ ఈ పనిని మెరుగ్గా చేస్తుంది. అక్కడ సగాన్ని పైకి జరపాలా, సరి సంఖ్యకు జరపాలా అన్నది పేరు పెట్టి అడగొచ్చు. నాలుగు మాటలు ఎక్కువ రాయాలి, కానీ చదివేవాళ్లకు మనం ఏం నిర్ణయించామో కనిపిస్తుంది. డబ్బు, కూలి, తరుగు లెక్కల్లో మా వాళ్లను దాన్నే వాడమంటాను.

ఇంకోవైపు, అసలు లోపల ఏమీ పెట్టకపోతే ఏమవుతుందో 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ లోకం చూసింది. ఎడమ వైపు ఖాళీలు నింపి మాటను కావలసినంత పొడవు చేసే ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 లైన్ల ప్యాకేజీ (ఎవరైనా రాసి నెట్‌లో అందరికీ పెట్టే కోడ్) ఉండేది. వేరే ఒక ప్యాకేజీ పేరు మీద వచ్చిన తగాదాతో దాని రచయిత తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసుకున్నాడు. దాని మీద ఆధారపడ్డ బాబెల్ లాంటి పెద్ద పెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లు (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా తయారు చేసే పని) ఆగిపోయాయి. మరుసటి ఏడాది వచ్చిన జావాస్క్రిప్ట్ ప్రమాణంలో మాటకు ముందు, వెనక ఖాళీలు నింపే ‘ప్యాడ్‌స్టార్ట్’, ‘ప్యాడ్‌ఎండ్’ చేరాయి. వాటి ప్రతిపాదన ఈ గొడవకు ముందే ఉంది, కానీ అది ఎందుకు అవసరమో గొడవ తర్వాత ఎవరికీ వివరించాల్సి రాలేదు.

మా దగ్గర ఈ విషయానికి ఇంకో కోణం ఉంది. అచ్చంపేట అవతల, దేవరకొండ తండాల్లో పిల్లలు ఫోన్ హాట్‌స్పాట్ మీద కోడ్ నేర్చుకుంటున్నారు. పరీక్ష రోజు ల్యాబ్‌లో నెట్ ఉండదు. ప్రతి చిన్న పనికీ ఒక ప్యాకేజీ దింపుకోవాలంటే ఆ పిల్లకు పని అక్కడే ఆగిపోతుంది. భాషతో పాటే వచ్చింది కరెంటు ఉన్నంతసేపు పనిచేస్తుంది. చిన్న లైబ్రరీ చాలు, మిగతాది ప్యాకేజీలు చూసుకుంటాయి అనేవాళ్లు ఈ పిల్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని నా పట్టుదల.

అయితే ప్యాడ్‌స్టార్ట్‌తో మన పని తీరిందా అంటే, లేదు. మండలాల పేర్లు ఒక వరుసలో నిలబెట్టాలని పది గుర్తుల వెడల్పు అడిగాను. కంప్యూటర్ లెక్కలో నల్గొండ అంటే న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ: మొత్తం ఏడు. కనగల్ ఐదు. నల్గొండకు మూడు ఖాళీలు, కనగల్‌కు ఐదు ఖాళీలు పెట్టింది. కాగితం మీద ఆ రెండు పేర్లు దాదాపు ఒకే వెడల్పు. వరుస వంకర పోయింది. ఒక గుర్తుకు ఒక గడి అనే ఇంగ్లిష్ లెక్క ఆ ఫంక్షన్ లోపల ఉంది. సులువు అన్నప్పుడు ఎవరికి సులువు అని కూడా అడగాలి.

కామాల సంగతి ఇంకా స్పష్టం. రైతు చీటీ మీద 1,23,456 అని ఉండాలి. పైథాన్‌లో 2009 నుంచి అంకెల మధ్య కామాలు పెట్టే సులువైన దారి ఉంది. అది 123,456 అని పెడుతుంది. లక్షలో చదివే కంటికి అది ఎంతో వెంటనే అందదు. యంత్రంలో భారతదేశపు లొకేల్ (ఆ దేశపు రాత పద్ధతుల సెట్టింగ్) వేసి ఉంటే వేరే దారి ఉంది, కానీ మిల్లులో ఉండే పాత కంప్యూటర్‌లో అది ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని నా దగ్గర చదివిన ప్రతి ఒక్కరూ సొంతంగా లక్షల కామా ఫంక్షన్ రాసుకున్నారు. అందులో చాలావాటికి మైనస్ అంకె ఇస్తే మైనస్ పక్కన కామా పడుతుంది. జనం తప్పు రాస్తున్నారు, సరైన జవాబు ఒకటే. నా కొలత ప్రకారం ఇది లోపల ఉండాల్సిందే. జావాస్క్రిప్ట్‌లో ఉంది కూడా: భారత ఇంగ్లిష్ అని చెబితే లక్షల్లోనే కామాలు వస్తాయి. ఏ దేశం అంకెలు ఎట్లా రాస్తుందన్న సమాచారాన్ని కోడ్‌లో కాకుండా వేరే పట్టికల్లో పెట్టి, ఆ పట్టికలను బ్రౌజర్‌తో పాటే ఇస్తారు. అన్ని భాషలకూ ఇది నమూనా కావాలి.

మరి ఏది లోపలికి రావాలో ముందే ఎట్లా తెలుస్తుంది? గో భాష వాళ్లు చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. మాటను ఒక గుర్తు దగ్గర రెండుగా కోసే ‘కట్’ ఫంక్షన్‌ను 2022లో చేర్చేముందు, ఉన్న కోడ్‌లోకే వెళ్లి, ఆ పనిని జనం ఎన్ని రకాలుగా చేస్తున్నారో, కొత్తది వస్తే వాటిలో ఎన్ని సరళమవుతాయో చూశారు. వాదన కోడ్ నుంచే వచ్చింది. పైథాన్ వాళ్లది ఇంకో పద్ధతి: ఫంక్షన్‌ను లోపల పెట్టకుండా, ఎట్లా రాసుకోవాలో డాక్యుమెంటేషన్‌లో వంటకంలా రాసి పెడతారు. అట్లా ఏళ్ల తరబడి వంటకంగా ఉన్న ‘పెయిర్‌వైజ్’ 2021లో, ‘బ్యాచ్డ్’ 2023లో లోపలికి వచ్చాయి. నిదానం కూడా హద్దు దాటకూడదు. సి లో మాటలను జాగ్రత్తగా కాపీ చేసే ‘స్ట్రెల్‌కాపీ’ 1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పుట్టింది. లినక్స్‌లో ఎక్కువగా వాడే సి లైబ్రరీలోకి రావడానికి 2023 అయింది. ఆ 25 ఏళ్లలో ఎన్ని ప్రాజెక్టులు దాన్ని ఎవరికి వాళ్లు కాపీ చేసి పెట్టుకున్నాయో!

నిడమనూరు నుంచి వచ్చే ఒక అబ్బాయి నెల కిందట అడిగాడు: “సార్, పైథాన్‌లో మాటను తిరగేసే ఫంక్షన్ ఎందుకు లేదు? గింత చిన్న పనికి.” నీ ఊరి పేరే తిరగేసి చూడమన్నాను. ఒక చిన్న కిటుకుతో తిరగేశాడు. మొదట్లో కొమ్ము ఒంటరిగా వేలాడింది, ‘ని’లోని గుడి జారి ‘డ’కు తగులుకుని ‘డి’ అయింది. పట్టుదల ఉన్న పిల్లవాడు. వారం కూర్చుని, అచ్చును హల్లుతో కలిపి ఉంచేట్టు సొంత ఫంక్షన్ రాశాడు. ‘రునూమడని’ అని సరిగ్గా వచ్చింది. సంతోషం పట్టలేక అందరికీ చూపించాడు.

తర్వాత నల్గొండ పెట్టాడు. ‘ల్గొం’ను ఒక్క ముక్కగా ఉంచాలా, ‘ల్’, ‘గొం’ అని విడదీయాలా? యూనికోడ్ (అన్ని లిపులకూ కంప్యూటర్‌లో సంకేతాలు నిర్ణయించే ప్రమాణం) పాత నియమం ప్రకారం విడిపోతుంది. 2023లో వచ్చిన దాని 15.1 వెర్షన్ నుంచి తెలుగు ఒత్తులు కలిసే ఉంటాయి. రెండు నియమాలూ చదివి వచ్చి, నాతో పాటు ఒక గంట వాదించాడు. చివరికి, “సార్, ఇది పైథాన్ల పెట్టమని ఇప్పుడే అడగొద్దు. ఇంకో నాలుగు ప్రాజెక్టులల్ల వాడి చూద్దాం” అని, ఆ ఫైల్‌ను మా సెంటర్ సర్వర్‌లో అందరూ వాడుకునే ఫోల్డర్‌లో పెట్టి, పైన ఏ నియమం పాటించాడో తెలుగులోనే రెండు లైన్లు రాశాడు. లక్షల కామా ఫంక్షన్‌ను కూడా దాని పక్కనే పెట్టాం. మైనస్ అంకెలతో ఈసారి ఆ దేవరకొండ అమ్మాయే పరీక్షలు రాసింది.